ఒడ్డు మీద డ్రిల్లు టీచరమ్మ

శవపెట్టె మూసే ముందు ఆమె చెల్లెలి కూతురు నా పక్కకొచ్చి చెవిలో అడిగింది. "టీచర్, మెళ్ళో ఆ విజిలు అట్నే ఉండాది. తియ్యాల్నా, ఉంచాల్నా?"

నేను వంగి చూశాను. తెల్ల చీర, ఛాతీ మీద బైబిలు, మెడలో ఎర్రతాడుకు కట్టిన స్టీలు విజిలు. పాస్టరుగారు పాట ఎత్తుకోవడానికి గొంతు సవరించుకుంటున్నారు. వెనకనుంచి ఎవరో పెద్దాయన, "లోకంలోవి లోకంలోనే వదిలిపెట్టాలమ్మా" అన్నారు. ఆ పిల్ల చెయ్యి తాడు దాకా వెళ్ళి ఆగిపోయింది.

"తియ్యబాక" అన్నాను.

తియ్యలేదు. పెట్టె మూశారు. పాట అయింది, ప్రార్థన అయింది, అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. సమాధుల తోటలో నేను ఒకచోట నిలబడలేకపోయాను. గోడదాకా నడిచాను, మళ్ళీ వెనక్కి వచ్చాను. గేటు సగమే తెరిచి ఉంటే పోయి పూర్తిగా తోశాను. ఇంతమంది ఒక్కసారిగా బయటికి రావాల్సి వస్తే ఎట్లా అని మనసులో అనిపించింది. అనిపించాక తెలిసింది, అది నా ఆలోచన కాదు, ఆమెదని.

ఇందుకూరుపేట దగ్గర, సముద్రపు హోరు తరగతి గదుల్లోకి వినిపించే ఒక హైస్కూల్లో మేమిద్దరం చాలా ఏళ్ళు కలిసి పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆమె వ్యాయామం చెప్పేది. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను అమ్మాయ్ అనేది, నా కూతురు పెళ్ళీడుకొచ్చాక కూడా. ఊళ్ళోవాళ్ళకీ, పక్కనున్న పాలెంలో చేపలు పట్టేవాళ్ళకీ ఆమె డ్రిల్లు టీచరమ్మ. అసలు పేరు జీతం బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇక్కడ కూడా అవసరం లేదు.

స్టాఫ్ రూములో ఆమెకొక కుర్చీ ఉండేది. దాన్లో ఆమె కూర్చోగా నేను చూడలేదు. క్యారియర్ గిన్నె ఎడమచేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తినేది. ముద్దకీ ముద్దకీ మధ్య గ్రౌండు వైపొక చూపు, గేటు వైపొక చూపు, రోడ్డు వైపొక చూపు.

"కూర్చుని తినక్కా, ఒంటికి పట్టదు" అంటే,

"కూర్చుంటే అసలే పట్టదు అమ్మాయ్" అనేది.

మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలు విజిలు మీద తిరుగుతూ ఉండేది. మనిషి పొడుగ్గా, ఎముకలు తేలి ఉండేది. కట్టే చీరలు మాత్రం నారింజ, చిలకపచ్చ, పసుపు. దూరాన్నుంచి చూస్తే పొలాల మధ్య ఎవరో జెండా పట్టుకొస్తున్నట్టు ఉండేది. ఒకసారి హెడ్మాస్టరుగారు నవ్వుతూ, టీచర్లు కట్టే రంగులేనా అవి అన్నారు.

"రోడ్డు మీద లారీ తోలేవాడికి నేను టీచర్నని తెలియక్కర్లేదు సార్. మనిషినని తెలిస్తే చాలు" అంది.

ఎవరితో ఏం మాట్లాడినా చివరికి ఒక్క మాట దగ్గరికే వచ్చేది. కనపడాల. పిల్లల పుస్తకాల సంచులకు, సైకిళ్ళ మడ్గార్డులకు, ఆడపిల్లల టిఫిను డబ్బాలకు కూడా మెరిసే స్టిక్కర్లు అంటించేది. చలికాలంలో బడి వదిలేసరికి మసక కమ్మేది. ఎదురుగా మోటారు సైకిలు లైటు పడగానే, ఇంటికి పోతున్న పిల్లల వరసంతా ఎర్రగా, తెల్లగా తళుక్కుమనేది. ఆమె గేటు దగ్గర నిలబడి చివరి తళుకు మలుపు తిరిగేదాకా చూసేది. ఆ తర్వాతే తన సైకిలు తీసేది.

ఆమెతో ఎక్కడికైనా పోవడమంటే ఓపిక ఉండాలి. నెల్లూరు బస్సులో అత్యవసర ద్వారం పక్క సీటే కావాలనేది. కూర్చోగానే దాని గొళ్ళెం తీసి చూసేది, కండక్టరు కేకలు వేసేవాడు. మా అన్న కూతురి పెళ్ళికి కొడవలూరు వచ్చినప్పుడు అక్షింతలు చేతిలో పట్టుకునే కల్యాణమండపం అంతా ఒక చుట్టు తిరిగింది. ముహూర్తం దగ్గర పడుతోంది, బాజాలు ఊపందుకుంటున్నాయి, ఈమె నా చెయ్యి పట్టి లాగుతోంది.

"అమ్మాయ్, వంటశాల పక్కన రెండో తలుపుండాది. దానికి తాళం ఏసి ఉండాది. తాళంచెవి ఎవరికాడ ఉందంట?"

"అక్కా, తాళి కట్టే టైము."

"కట్టనీ. వంట గ్యాసు అక్కడే ఉండాది, జనం ఇక్కడే ఉండారు. తలుపు ఒక్కటే ఉండాది. నువ్వు పోయి చూడు తాళి, నేను తాళంచెవి సంగతి చూస్తా."

మండపం మేనేజరుని ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి తాళం తీయించి, తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, వాటికి అడ్డంగా పేర్చిన కుర్చీలు తీయించి, అప్పుడొచ్చి అక్షింతలు వేసింది. వధూవరులు అప్పటికే కొంగుముడితో లేచి నిలబడ్డారు. ఆమె కానుకగా ఇచ్చిన పొట్లంలో టార్చి లైటు, రెండు విజిళ్ళు ఉన్నాయని మా వదిన ఏడాదిపాటు చెప్పుకుని నవ్వింది.

ఆ పెళ్ళికొచ్చినప్పుడే మా అన్న ధాన్యం ట్రాక్టరు ఆమె కంటపడింది. ట్రక్కు వెనక లైటు లేదు, మెరిసే పట్టీ లేదు, ఉన్నదల్లా బస్తాల మీద కప్పిన బూడిదరంగు పట్ట. హైవే మీద అది పొద్దుగూకాక ఎట్లా పోతుందని అడిగింది. మా అన్న మర్యాదస్తుడే గానీ నలుగురిలో నిలదీస్తే ఊరుకునే మనిషి కాదు.

"ఇన్నేళ్ళుగా పోతానే ఉండాది టీచరమ్మా. దీన్ని పెళ్ళికూతుర్ని చేసి పంపాల్నా ఏంది?"

"చెయ్యన్నా. ముస్తాబు చెయ్. వెనక వచ్చేవాడు దీన్ని చూసి తీరాల" అని సంచిలోంచి ఎర్ర పట్టీ చుట్ట తీసి, పట్టుచీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, ట్రక్కు వెనకంతా తానే అంటించింది. మా అన్న పక్కన నిలబడి గొణుక్కుంటూ కత్తెర అందించాడు.

నేను విసుక్కున్న రోజులు లేకపోలేదు. ఎందుకక్కా ఇంత ఆరాటం, అందరూ బతుకుతూనే ఉన్నారు గదా అని ఒకరోజు అనేశాను. మైపాడు బీచికి పిల్లల్ని తీసుకుపోయి తిరిగొస్తున్నాం. పిల్లలు పాటలు పాడుతున్నారు. ఆమె బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. చెప్పడం అదొక్కసారే.

ఆమె చిన్నప్పుడు, బళ్ళో చదువుకునే వయసులో, తండ్రి చిన్న పడవలో ఆమెనూ తమ్ముణ్ణీ ఏటి మొగ అవతల ఉన్న మేనత్త ఇంటికి తీసుకుపోతున్నాడు. ఏరు సముద్రంలో కలిసేచోట అల కొట్టి పడవ తలకిందులైంది. తండ్రి పిల్లలిద్దర్నీ బోర్లాపడిన పడవ మీదికి తోసి, గట్టిగా పట్టుకోండి, మనుషుల్ని తీసుకొస్తానని ఈదుకుంటూ పోయాడు. పట్టపగలు. పైన ఎండ. ఇద్దరూ అరిచారు. ఉప్పునీళ్ళు మింగి, ఏడ్చి, అరిచి ఆమె గొంతు పూడిపోయింది. అప్పుడొక పడవ వచ్చింది.

"ఎంత దగ్గరగా అనుకుంటుండావు? ఆయన మొహం ఇప్పటికీ నాకు గుర్తుండాది. బీడీ ముట్టించుకుంటా ఉండాడు. నేను నోరు తెరిచినా. శబ్దం రాలా. గాలే వచ్చింది అమ్మాయ్. ఉత్త గాలి."

ఆ పడవ వెళ్ళిపోయింది. తండ్రి మనుషుల్ని తీసుకుని వచ్చేసరికి తమ్ముడి చెయ్యి జారిపోయి చాలాసేపైంది.

"విజిలుకి గొంతు అక్కర్లేదు" అంది, దాన్ని వేళ్ళతో తిప్పుతూ. "గాలి చాలు."

ఆ తర్వాత నేనెప్పుడూ ఎందుకని అడగలేదు.

పిల్లల తర్వాత ఆమె పాలెం మీద పడింది. అక్కడ పోలయ్య అనే పడవ యజమాని ఉన్నాడు. మనిషి కోపిష్టి, మాట కరుకు, కానీ పాలెంలో పదిమందీ అతని మాట వింటారు. ఆమె విజిళ్ళు పట్టుకుపోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నీళ్ళ మీద ఈల ఊదితే గాలి లేస్తాదని మా తాత అనేవాడు. నాకొద్దు టీచరమ్మా."

వారం తిరక్కుండా ఆమె చిన్న చిన్న గుండ్రటి అద్దాలు తీసుకుపోయింది. వాటికి పిన్నీసు కట్టి, చొక్కా లోపల పెట్టుకునేట్టు తయారుచేసింది. ఇసకలో నిలబడి, బడిపిల్లలకు డ్రిల్లు చెప్పినట్టే చెప్పింది. ఒక చెయ్యి ముందుకు చాపి రెండు వేళ్ళు విడదీయాలి. ఎవరికి కనపడాలో వాళ్ళు ఆ వేళ్ళ మధ్య ఉండాలి. రెండో చేతిలో అద్దాన్ని ఆడిస్తూ ఆ మెరుపు వేళ్ళ మీద పడేట్టు చేస్తే, అది నేరుగా వాళ్ళ కళ్ళలోకి పోతుంది.

"మధ్యాహ్నం తిరిగినాక సూర్యుడు ఒడ్డు వైపుంటాడు. అప్పుడు మీరు సముద్రంలో నుంచి మెరిపిస్తే నాకు తెలుస్తాది. ఆదివారం చర్చి అయినాక నేనిక్కడే ఉంటా. ఒక్కసారి మెరిపించి పోండి, పట్టు కుదిరిందో లేదో చూస్తా."

మొదట సరదాకి చేశారు. ఆదివారం పూట నీళ్ళ మీద అక్కడొకటి ఇక్కడొకటి తళుక్కుమంటే ఈమె ఒడ్డున రెండు చేతులూ పైకెత్తి ఊపేది. తర్వాత వాళ్ళకు విసుగొచ్చింది. అద్దాలు గడ్డం గీసుకోవడానికి పనికొచ్చాయి. ఆమె మాత్రం ఆదివారంతో ఆగలేదు. బడి అయిపోయిన ప్రతి సాయంత్రం ఇసక మీద అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడిచేది, కళ్ళు సముద్రం మీదే. కుదురుగా నిలబడి చూడొచ్చు కదా అంటే, నిలబడితే కన్ను మత్తెక్కుతుందనేది.

ఒకరోజు మెరుపు కనపడింది. ఆగి ఆగి, మళ్ళీ మళ్ళీ. ఆమె విజిలు ఊదుకుంటూ పాలెమంతా పరిగెత్తింది. రెండు పడవలు ఇంజన్లు వేసుకుని పోయాయి. ఒడ్డున ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు, ఎవరి మనిషో తెలియక అందరూ తమ మనిషే అనుకున్నారు. పడవలు చాలాసేపటికి తిరిగొచ్చాయి. పోలయ్య దిగి వచ్చి ఒక థర్మోకోలు మూత ఆమె కాళ్ళముందు విసిరికొట్టాడు. ఎవరిదో మంచుపెట్టె మూత. లోపలివైపు వెండిరేకు అంటించి ఉంది.

"ఇదిగో నీ మనిషి. బతికే ఉండాడు, చూసుకో."

కొందరు నవ్వారు. కొందరు తిట్టారు. అప్పటిదాకా ఏడ్చిన ఆడవాళ్ళు ఇంకా ఎక్కువ తిట్టారు. ఆమె ఆ మూతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎండ పడి తళుక్కుమంది. "అచ్చం అట్నే ఉండాది" అని తనలో తాను అనుకుంది. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది, ఎక్కకుండా.

ఆ తర్వాత చాలా వారాలు ఆమె సముద్రం వైపు పోలేదు. ఆరాటం తగ్గిందా అంటే లేదు, దారి మూసుకుపోయి లోపలే తిరిగింది. బడి గ్రౌండు చుట్టూ నడిచేది. ఖాళీ తరగతుల కిటికీలు తెరిచేది, మూసేది, మళ్ళీ తెరిచేది. తినడం తగ్గింది. పిల్లలెవరైనా మెరిసే స్టిక్కరు ఊడిపోయిందని చూపిస్తే, రేపు చూద్దాంలే అంది. ఆ మాట ఆమె నోట విన్న రోజు నాకు భయమేసింది.

నేనే ఒక వంక కల్పించి తీసుకుపోయాను. ఎండుచేపలు కావాలి, ఏవి మంచివో నాకు తెలియదు, రా అక్కా అన్నాను. పోలయ్య భార్య కోటమ్మ ఇసకలో వలపట్టా పరిచి చేపలు ఎండబెట్టేది. మూడు దాటింది, ఎండ వీపు మీద పడుతోంది. కోటమ్మ వందనాలు టీచరమ్మా అంది గానీ ఎక్కువ మాట్లాడలేదు. నేను బేరంలో పడ్డాను. తలెత్తేసరికి ఈమె నాకు కాస్త దూరంలో, కదలకుండా నిలబడి ఉంది. ఆమె కదలకుండా నిలబడటమే నా కంటికి వింతగా తోచింది.

"అమ్మాయ్, నీకేమన్నా కనపడిందా?"

చూశాను. నీళ్ళు, ఎండ, నీళ్ళు.

"లేదక్కా."

"ఇప్పుడు?"

"లేదు."

ఆమె చెయ్యి విజిలు మీదికి పోయింది. నోటిదాకా తెచ్చింది. దించింది. నాలుగడుగులు ముందుకు వేసి అలలో దిగింది, వెనక్కొచ్చింది. చీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది. అంత గాభరాలో ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఆమెకు అనుమానం అనేది తెలియదు. ఇప్పుడు నిలువెల్లా అదే.

"మళ్ళీ మూతే అయితే?"

"అయితే మళ్ళీ తిడతారు" అన్నాను. "నేనూ పక్కనే ఉంటాను, ఇద్దర్నీ తిడతారు. పద."

పోలయ్య పడవ నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. ఈమె ఎదురుగా పోయి నిలబడింది. విజిలు ఊదలేదు, గొంతు పెంచలేదు.

"పోలయ్యా, తూర్పున ఏదో మెరస్తా ఉండాది. నాకు నమ్మకం లేదు. మూత కావచ్చు, ఏదైనా కావచ్చు. అయినా ఒకసారి పోయి చూస్తావా?"

అతను తలెత్తలేదు. "మళ్ళీనా టీచరమ్మా? నీ కళ్ళకి అన్నీ మెరస్తాయి. అద్దాల జబ్బు పట్టింది నీకు."

"అట్నే అనుకో. పోయి చూడు."

"పోను."

కోటమ్మ ఎప్పుడొచ్చిందో మా వెనక నిలబడి ఉంది. చేతులకు చేపల పొలుసులు అంటుకుని ఉన్నాయి. మొగుడి చేతిలోంచి వల లాగేసింది.

"లెయ్. రేపు నువ్వు ఆడ నీళ్ళలో ఉంటే, ఒడ్డున ఉన్నోళ్ళు మూతలే అనుకుని వల అల్లుకుంటా కూర్చోవాల్నా? లెయ్యయ్యా."

పోలయ్య ఆమెనూ, ఈమెనూ, నన్నూ మార్చి మార్చి చూశాడు. ఎవర్నో తిట్టుకుంటూ లేచాడు. ఇంకో ఇద్దర్ని కేకేశాడు. పడవ అలలు దాటి పోయింది.

ఆ ఎదురుచూపు మాత్రం నేను మర్చిపోలేను. ముగ్గురం ఇసకలోనే ఉన్నాం. కోటమ్మ చేపలు తిరగేస్తుంది, తిరగేసినవే మళ్ళీ తిరగేస్తుంది. ఈమె నడుస్తుంది. పడవ చుక్కైంది, చుక్క కూడా పోయింది. మెరుపు ఆగిపోయిందట. ఆగిపోయిందని నాతో చెప్పి, అది మంచికో చెడ్డకో తెలియక పెదవి కొరుక్కుంది. నీడలు పొడవై నీళ్ళ మీదికి సాగాయి. ఇక వెలుతురు పోతుందనగా ఇంజను చప్పుడు వినిపించింది.

పడవలో మనుషులు ఎక్కువ ఉన్నారు. అది మొదట చూసింది కోటమ్మ. "అమ్మో, ఎక్కువ మంది ఉండారు, ఎక్కువ మంది ఉండారు" అని అరుస్తూ నీళ్ళలోకి పరిగెత్తింది.

ఇద్దరు. దక్షిణాన అరవదేశం సరిహద్దు దగ్గర ఊరివాళ్ళు. మొహాలు ఎండకు కమిలి, పెదవులు పగిలి రక్తం చారికలు కట్టి ఉన్నాయి. ముందురోజు పడవ తిరగబడిందట. అద్దం గిద్దం ఏమీ లేదు. పెద్దవాడి చేతిలో స్టీలు టిఫిను గిన్నె మూత ఒకటి ఉంది. ఒడ్డుకొచ్చాక కూడా దాన్ని వదలడం లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పోలయ్య దాన్ని తీశాడు. మూత వైపు చూశాడు, టీచరమ్మ వైపు చూశాడు. తన తలగుడ్డ విప్పి ఆ పెద్దవాడికి కప్పాడు.

పాలెమంతా పోగయింది. కొబ్బరినీళ్ళు తెచ్చారు, గంజి తెచ్చారు. అందరూ టీచరమ్మా టీచరమ్మా అంటున్నారు. ఆమె అవేవీ వినడం లేదు. ఆ పెద్దవాడి ముందు గొంతుక్కూర్చుని, అతను నీళ్ళు మింగేదాకా ఆగి, ఒక్కటే అడిగింది.

"పొద్దున్నుంచీ మెరిపిస్తా ఉండావా?"

"నిన్నట్నుంచి అక్కా. రెండు మూడు పడవలు పోయినాయి. దగ్గరగానే పోయినాయి. మూత ఆడించినాం, కేకలేసినాం. తమ్ముడు చొక్కా ఊపినాడు."

"ఎంత దగ్గరగా?"

"మొహాలు తెలిసినాయక్కా. వాళ్ళు ఇటు చూళ్ళా."

"అరిచినారా? గట్టిగా అరిచినారా?"

"గొంతులు పోయేట్టు అరిచినాం. ఇంజను చప్పుడు. ఇటు చూళ్ళా, అంతే."

ఆమె అలాగే వెనక్కి, తడి ఇసకలో కూలబడింది. అల వచ్చి నడుము దాకా తడిపి పోయింది. లేవలేదు. నేనే భుజాలు పట్టి లేపాల్సి వచ్చింది.

ఇంటికి నడుస్తుండగా, రొయ్యల గుంటల గట్టు మీద, ఉన్నట్టుండి మాట్లాడింది.

"అమ్మాయ్, ఆయన బీడీ ముట్టించుకుంటా ఉండాడని చెప్పినా గదా. గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. తల వంచుకుని ఉండాడు. అగ్గిపుల్లనే చూస్తా ఉండాడు." గట్టు మీద నిలబడిపోయింది. "నాకు గొంతు ఉన్నా ఆయనకు వినపడి ఉండేది కాదేమో."

"అవునక్కా."

"ఇన్నేళ్ళూ నా గొంతునే తిట్టుకున్నా. అరవలేకపోతినే, అరిచి ఉంటే తమ్ముడు ఉండేవాడే అని." ముక్కు కొంగుతో తుడుచుకుంది. "ఆయన తల ఎత్తలా. అంతే అమ్మాయ్. ఆయన్ని కూడా ఏమనగలం? బీడీ ముట్టించుకుంటా ఉండాడు, పాపం."

ఆ పాపం అనే మాట ఎవరి కోసమో నాకిప్పటికీ తెలియదు.

దాంతో ఆమె నెమ్మదించిందని చెప్తే అబద్ధం. మర్నాడు పొద్దున గ్రౌండులో ఎప్పట్లాగే విజిలు మోగింది. స్టిక్కరు ఊడిన పిల్లలందర్నీ వరసలో నిలబెట్టింది. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి తింది. కానీ ఏదో మారింది. కనపడాల అనే మాట మునుపటంతగా ఆమె నోట వినపడలేదు. బడి అవగానే పాలేనికి పోయేది. అక్కడేం చేస్తుందో నేను అడగలేదు. కొన్నాళ్ళకు నాకు నెల్లూరుకు బదిలీ అయింది. ఆమె రిటైరైంది. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. మాట్లాడుతూనే నడుస్తున్నట్టు ఆయాసం వినపడేది. చివరిసారి చేసినప్పుడు, ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టారని, పడుకుంటే తలుపు కనపడటం లేదని ఫిర్యాదు చేసింది. మంచం తిప్పించమని నర్సుతో గొడవ పడి తిప్పించుకుందట. ఆ వారంలోనే గుండె ఆగిపోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ ఇంటివైపు కదిలారు. నా కాళ్ళు అటు పోలేదు. ఆటో ఎక్కి పాలేనికి పోయాను. మధ్యాహ్నం ఎండ, గాలి లేదు. ఇసకలో వలపట్టాల మీద చేపలు పరిచి ఉన్నాయి. వాటి పక్కన కోటమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరి వీపులూ నా వైపే ఉన్నాయి.

"కోటమ్మా" అని పిలిచాను.

"ఎవరూ? తెలుగు టీచరమ్మేనా? రాండి, కూర్చోండి" అంది, తల తిప్పకుండానే. "పొద్దున పోయి చూసి వచ్చినా టీచరమ్మని. మళ్ళీ పోబుద్ధి కాలా."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. అప్పటికీ నా మొహం చూడలేదు. నాకేమన్నా కోపమా అనుకున్నాను. తక్కిన ఆడవాళ్ళూ అంతే. ఒకామె పొగాకు నలుపుతోంది, చూపు నీళ్ళ మీద. ఒకామె మనవరాలి తల దువ్వుతోంది, పాపిడి తీసేటప్పుడు మాత్రం కళ్ళు దించి, వెంటనే ఎత్తింది. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు.

"ఏంది కోటమ్మా, అందరూ ఇట్లా?"

"టీచరమ్మ నేర్పిచ్చిందిలే. ఎట్టా ఎండలో కూర్చునే ఉంటారు గదా మేయ్, ఇటు తిరిగి కూర్చుంటే మీ సొమ్మేం పోతాదని రోజూ వచ్చి పోరుపెట్టింది. మాకూ అలవాటైపోయింది. ఇప్పుడు అటు తిరిగి కూర్చుంటే నాకు ఊపిరాడదు." కొంగు తలమీదికి లాక్కుంది. "మొన్న వానల్లో గూడా ఒక తెప్ప కనపడింది. ముసలాయన, దిక్కు తప్పినాడు. మా కోడలు చూసింది."

చేపలు తిరగేయాల్సిన పొద్దైంది. కోటమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. లేస్తూ కూడా కళ్ళు తిప్పలేదు.

"టీచరమ్మా, నేను చేపలు తిప్పొస్తా. కాసేపు నువ్వు చూస్తా ఉండు."

నేను కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. రెప్ప వేయాలంటే భయమేసింది. నీళ్ళ మీద ఎండ ముక్కలు ముక్కలుగా విరుగుతోంది. ప్రతి ముక్కా మనిషిలా తోస్తోంది, వెంటనే కాకుండా పోతోంది. కళ్ళలో నీళ్ళు వస్తే చేత్తో తుడుచుకోకుండా అలాగే చూశాను.

కోటమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమన్నా కనపడిందా?"

"ఏమీ లేదు."

"మంచిది" అంది.